కొత్తగా తెచ్చుకున్న కుక్క రాత్రంతా ఏడుస్తోంది, ఏం చేయాలి?

సందేహం: మేము నాలుగు నెలల కిందట హైదరాబాద్ నుంచి డల్లాస్ పక్కన ఇర్వింగ్‌కి వచ్చాం. మూడో అంతస్తు అపార్ట్‌మెంట్. పోయిన శనివారం దిక్కులేని జంతువుల్ని ఉంచే షెల్టర్ నుంచి రెండేళ్ల కుక్కని తెచ్చుకున్నాం. పగలు బుద్ధిగానే ఉంటోంది. రాత్రి హాల్లో దాని పక్క వేసి లైటు ఆర్పగానే మూలుగుడు మొదలు, తర్వాత ఊళ. కింది ఫ్లాట్ వాళ్లు లీజింగ్ ఆఫీసులో కంప్లైంట్ ఇచ్చారు. వెనక్కి ఇచ్చేయాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: వెనక్కి ఇచ్చే మాట ఈ వారం పక్కన పెట్టండి. ఈ రాత్రికి ముందు దాని పక్కని హాల్లోంచి తీసి మీ మంచం పక్కన వేయండి. మీ సమస్యలో సగం అక్కడే ఉందని నా అనుమానం.

ఎందుకంటే మేమూ అదే తప్పు చేశాం. మొదటి రాత్రి మా వాణ్ణి, అంటే మా కుక్కని, లాండ్రీ గదిలో పెట్టి తలుపు వేశాం. కుక్క పడగ్గదిలోకి ఏమిటని మా ఆయన పట్టు. ఊళ్లో మా ఇంటి కుక్క అరుగు మీదో గడ్డివాము పక్కనో పడుకునేది, దానికి పక్క వేసినవాళ్లు లేరు. నిజమే కానీ ఆ కుక్కకి వీధి మొత్తం తెలుసు, దాన్ని ఏ గదిలోనూ బంధించలేదు. ఈ కుక్క మొన్నటిదాకా షెల్టర్‌లో బోలెడు కుక్కల అరుపుల మధ్య పడుకుంది. ఒక్కసారిగా చప్పుడు లేదు, తెలిసిన వాసన లేదు, మనిషి లేడు. మా వాడు మూడింటిదాకా తలుపు గీకాడు. పొద్దున చూస్తే తలుపు చట్రం అడుగున చెక్క పెచ్చులు లేచి ఉన్నాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో ఆ మేరకు కోశారు.

మనం కూడా ఈ దేశానికి కొత్తలో ఇలాగే బెంగపెట్టుకున్నాం కదా అని కొందరు అంటారు. నాకు ఆ పోలిక నచ్చదు. మనం టికెట్ కొనుక్కుని వచ్చాం, మనకి వాట్సాప్ ఉంది.

సరే, పని సంగతి. ఏడుపు ఎప్పుడు మొదలవుతోందో చూడండి. లైటు ఆర్పిన పావుగంటలోపే అయితే అది భయం, ఒంటరితనం. హాయిగా నిద్రపోయి రెండింటికో మూడింటికో లేచి తలుపు వైపు తిరుగుతుంటే బయటికి వెళ్లాల్సిన అవసరం. ఈ రెండిటికీ మందు ఒకటి కాదు. మొదటిదానికి మంచం మీంచి చెయ్యి కిందికి జార్చి దాని వీపు మీద పెడితే చాలు. మాటలూ ముద్దులూ వద్దు. రెండోదానికి లీష్ తగిలించి, లైట్లు ఎక్కువ వేయకుండా, ఆటలాడకుండా కిందికి తీసుకెళ్లి, పని కాగానే వెనక్కి తెచ్చేయాలి. అర్ధరాత్రి బిస్కెట్లు పెట్టి బుజ్జగించారంటే రేపు అదే టైముకి బిస్కెట్ కోసమే లేపుతుంది.

పట్టించుకోకపోతే అదే ఏడ్చి ఏడ్చి పడుకుంటుందని మీ ఆఫీసులో ఎవరైనా చెబితే వినకండి. నిజంగా భయపడ్డ కుక్క అలసిపోయి ఊరుకుంటుంది కానీ నమ్మకం కుదిరి కాదు. పైగా కింది వాళ్లకి ఆ తేడాతో పని లేదు.

ఇక క్రేట్, అంటే కుక్క పడుకునే కమ్మీల పెట్టె. దాన్ని చూడగానే మనవాళ్లకి బోను గుర్తొస్తుంది. మా అత్తగారు దాన్ని జైలు అనేసేవారు. కుక్క అందులో నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్లు చాపి పడుకునేంత ఉండాలి. మా 45 పౌండ్ల వాడికి 36 అంగుళాలది సరిపోయింది. పగలు తలుపు తీసి ఉంచి, అన్నం అందులోనే పెట్టి, వాడంతట వాడు వెళ్లి పడుకున్నాకే రాత్రి తలుపు వేశాం. పైన పాత దుప్పటి, లోపల నేను కట్టి విడిచిన కాటన్ చీర. ఒక పక్క గాలాడేలా వదిలేయండి. క్రేట్‌లో చొంగ కారుస్తూ కమ్మీలు కొరుకుతుంటే మాత్రం బలవంతం చేయొద్దు, పళ్లు విరగ్గొట్టుకుంటాయి. గుమ్మానికి అడ్డంగా బేబీ గేట్ పెట్టి పడగ్గదిలో వదిలేయండి. పిల్లి మకాం మార్చినట్టు క్రేట్‌ని రోజుకో మూలకి మార్చొద్దు. నెమ్మదిగా మంచం దగ్గర్నుంచి గుమ్మం దగ్గరికి, అక్కణ్ణుంచి హాల్లోకి జరపొచ్చు. మాకు దానికి దాదాపు రెండు నెలలు పట్టింది. రాత్రి ఏడుపు మానడానికి తొమ్మిది రోజులు.

షెల్టర్ వాళ్లు మూడు-మూడు-మూడు అని ఒక లెక్క చెప్పే ఉంటారు. మూడు రోజులు బెదురు, మూడు వారాల్లో ఇంటి పద్ధతి తెలియడం, మూడు నెలలకి ఇది నా ఇల్లు అనుకోవడం. అది ఉజ్జాయింపు. నాలుగో రోజు ఏడ్చిందని కంగారు పడకండి.

ఊళ గురించి ఒక మాట. మా అత్తగారు వచ్చిన కొత్తలో ఒక రాత్రి అంబులెన్స్ సైరన్ విని మావాడు గొంతెత్తాడు. ఇక్కడ రెండు, అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. కుక్క ఊళ పెడితే ఎవరికో మూడిందని ఆవిడ భీమవరంలో ఉన్న చుట్టాలందరికీ వరసగా ఫోన్ చేసి అందరూ క్షేమమేనని తేల్చుకున్నాకే పడుకున్నారు. మీ ఇంటికి పెద్దవాళ్లు వచ్చేలోపు ఈ విషయం ముందే చెప్పి ఉంచండి.

వంటింటి సంగతి కూడా రాత్రిదే. తిండి ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి, మూడో అంతస్తు నుంచి అర్ధరాత్రి మెట్లు దిగేది మీరే. షెల్టర్‌లో పెట్టిన తిండే కొన్నాళ్లు కొనసాగించి, వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా కొత్తది కలపండి. మన కూరల్లో ఉల్లీ వెల్లుల్లీ లేనిది ఏముంది? అవి కుక్కలకి విషం. పరమాన్నంలో కిస్మిస్ ఇంకా ప్రమాదం. పీనట్ బటర్ కొంటే జైలిటాల్ (చక్కెర బదులు వేసే తీపి పదార్థం, అదీ కుక్కలకి విషమే) లేదని డబ్బా చూసి కొనండి. పొరపాటున తింటే లక్షణాల కోసం ఆగకుండా వెట్‌కి (పశువుల డాక్టరుకి) ఫోన్ చేయండి. నిద్ర రావడానికని మన మందుల డబ్బాలోంచి ఏదీ ఇవ్వొద్దు.

సాయంత్రం నడక ఈ నెలల్లో ఎండ పూర్తిగా దిగాకే. తారు రోడ్డు మీద మీ చేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ తట్టుకోలేవు. గబగబా నడిపించకుండా చెట్టు చెట్టూ వాసన చూడనివ్వండి, దానికి అదే అలసట. పడుకోబోయే ముందు ఇంకోసారి కిందికి. నీళ్లు మాత్రం దాచేయకండి, టెక్సస్ ఎండల్లో అది పాపం.

ఇప్పుడు కింది ఫ్లాట్. మేమైతే ఓ డబ్బా కుకీలు, మా ఫోన్ నంబరు రాసిన చీటీ పట్టుకెళ్లి, "కుక్క కొత్తది, రెండు వారాలు ఓపిక పట్టండి, మరీ ఇబ్బందైతే ఆఫీసుకి కాకుండా మాకే ఫోన్ చేయండి" అని చెప్పాం. ఆవిడ ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. ఆఫీసులో చెప్పకుండా కుక్కని ఉంచారా? అలా అయితే ముందు ఆ పని చూడండి, లీజుకి పెట్ అడెండం (పెంపుడు జంతువు కోసం చేర్చే అదనపు ఒప్పందం) ఉంటుంది, డిపాజిట్, నెల నెలా పెట్ రెంట్ ఉంటాయి. కొన్ని కాంప్లెక్సుల్లో జాతిని బట్టి అభ్యంతరాలుంటాయి, షెల్టర్ కాగితం మీద ఏ జాతి మిశ్రమం అని రాశారో చూసుకోండి.

పగలు ఇంట్లోంచి పని చేస్తున్నారా? రోజంతా దాని పక్కనే ఉండి, రాత్రి ఒక్కసారిగా హాల్లో వదిలితే దానికి అర్థం కాదు. పగలే రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు, తర్వాత పావుగంట బయటికి వెళ్లి రండి, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ హడావిడి లేకుండా. ఎప్పుడు విడిచినా తలుపులు పీకేస్తుంటే అది సెపరేషన్ యాంగ్జయిటీ (మనుషులు విడిచి వెళ్తే పుట్టే తీవ్రమైన ఆందోళన) కావచ్చు, వెట్ దగ్గరికి వెళ్లండి. దానికి శిక్షణతో పాటు ఇచ్చే మందులున్నాయి, మనుషులకి డిప్రెషన్‌కి ఇచ్చే ఫ్లుయాక్సెటిన్ అందులో ఒకటి. కుక్కకి డిప్రెషన్ మాత్రలేంటి అని నవ్వే స్నేహితులకి ఆ సంగతి చెప్పొద్దు. ఆ మాటకొస్తే, శనివారం పాట్‌లక్ పెట్టి పన్నెండు మందిని కుక్కని చూడ్డానికి పిలవొద్దు. బారసాల ఒక నెల ఆగుతుంది.

ఇంకొకటి. అర్ధరాత్రి పార్కింగ్ లాట్‌లో నిద్రమత్తులో ఉన్న మీ చేతిలోంచి కొత్త కుక్క పారిపోవడం ఒక్క క్షణం పని. మెడ బెల్టు తలమీంచి జారిపోకుండా మార్టింగేల్ కాలర్ (లాగితే కాస్త బిగిసే మెడ బెల్టు) కానీ సరిగ్గా సరిపోయే హార్నెస్ కానీ వాడండి. దాని మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఇంకా షెల్టర్ పేరు మీదే ఉండొచ్చు, మీ పేరు, ఫోన్ నంబరు నమోదు చేయించండి. జూలై 4, అమెరికా స్వాతంత్ర్య దినం దగ్గర పడుతోంది, రాత్రి బాణసంచా మోతకి కుక్కలు బెదిరిపోతాయి. ఆ రోజు చీకటి పడకముందే కిందికి తీసుకెళ్లి వచ్చేయండి, కిటికీలు మూసి ఫ్యాన్ పెద్దగా పెట్టండి, బాల్కనీ తలుపు గడియ పడిందో లేదో మీరే వెళ్లి చూడండి.