మేనల్లుడికి, కానుకల పెట్టె గురించి

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య దీవెనలు.

నీ సంగతి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చెప్పాడు అనకూడదు, కేకలేశాడు. "ఇంటికి నువ్వొక్కత్తివి చాలలేదా, నా కొడుకుని కూడా కలిపేసుకున్నావా" అన్నాడు. నాకేం తెలియదన్నా నమ్మలేదు. నిజంగానే తెలియదు కదరా! ఏడాదిగా పటమటలో చర్చికి వెళ్తున్నావని, వచ్చే నెల బాప్తిస్మం అని నాతో చెప్పడానికి నీకు నోరు రాలేదా? గుంటూరుకీ బెజవాడకీ మధ్య ఎంత దూరమని? తిట్లు తిని ఫోన్ పెట్టేశాక నీ పేరు పెట్టి ప్రార్థన చేశాను. ఆ రోజంతా ఇంట్లో కీర్తనలు పాడుకుంటూ తిరిగాను.

ఆ సాయంత్రం నువ్వే ఫోన్ చేసి రెండో సంగతి చెప్పావు చూడు, అక్కడ భయం పట్టుకుంది. బ్యాంకులో చేస్తున్నావు కాబట్టి జనవరి నుంచి సంఘం లెక్కలు నువ్వే చూడాలని మీ పాస్టరు అయ్యగారు అన్నారట, నువ్వు సరేనన్నావట. ఇంకా నీళ్లలో దిగనే లేదు, అప్పుడే పెట్టె తాళమా? ఫోన్లో చెబితే మధ్యలో నవ్వేస్తావని ఇదంతా రాస్తున్నాను.

చిన్న విషయాలు ముందు. బాప్తిస్మం తరగతులు ఒక్కటి కూడా మానకు. బైబిలు ఆదికాండం నుంచి పట్టుకుని లేవీయకాండంలో చిక్కుకుపోకు, మార్కు సువార్తతో మొదలుపెట్టు. పైకి ప్రార్థన చేయడం రాదని సిగ్గుపడకు. ఆరాధనకు పది నిమిషాలు ముందే వెళ్లి కూర్చో, మన ఇంటి అలవాటు అక్కడ చూపించకు.

నువ్వు ఎలా నమ్మావో చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. బండి ప్రమాదంలో పోయిన నీ స్నేహితుడి అమ్మకి ఆ సంఘం వాళ్లు నెలల తరబడి క్యారేజీ తీసుకెళ్లడం చూసి, వీళ్లెవరో చూద్దామని వెళ్లానన్నావు. "అద్భుతాలేం జరగలేదత్తా, వాళ్లు అన్నం తీసుకెళ్లడం మానలేదు, అంతే" అన్నావు. సాక్ష్యం చెప్పమన్నప్పుడు అదే చెప్పు, మసాలా వేయకు. కొందరు మైకు పట్టుకోగానే "నిన్నటిదాకా నేను అంధకారంలో ఉన్నాను" అని మొదలుపెడతారు. ఆ అంధకారంలో నీకు అన్నం పెట్టి చదివించింది మీ అమ్మానాన్నలే. నలుగురిలో వాళ్లని చీకటి చేయకు.

ఇంకో మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. పిల్ల ఎవరైనా ఉందా? ఉంటే నేరమేమీ కాదు, నాకు ముందే చెప్పు, అంతే. నా విషయంలో ఊరంతా అదే అన్నారు, మాస్టారి కోసం మతం మారిందని. అప్పుడు మా అయ్యగారు ఒక మంచి పని చేశారు. పెళ్లికి ముందు బాప్తిస్మం ఇవ్వనన్నారు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు, పెళ్లి చేసుకోండి, బాప్తిస్మం సంగతి ఆ తర్వాత నీ అంతట నువ్వు వచ్చి అడిగితే చూద్దాం అన్నారు. నాకు అప్పుడు అవమానంగా అనిపించింది. మీ మామయ్య నన్ను కూర్చోబెట్టి క్లౌ దొర అనే బాప్టిస్టు మిషనరీ కథ చెప్పారు. 1876-78 కరువులో ఒంగోలు క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆ పని సాగినంత కాలం బాప్తిస్మం మాత్రం ఆపేశాడు. గంజి కోసం వచ్చినవాళ్లెవరో దేవుడి కోసం వచ్చినవాళ్లెవరో తేలాలి కదా. కరువు పని ముగిశాకే ఒప్పుకున్నాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో దిగి ఇచ్చారు. ఆ సంఖ్య మన వాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం దానికి ముందు ఆయన ఆగిన రోజులే గొప్పగా కనిపిస్తాయి.

నా బాప్తిస్మం సీతానగరం దగ్గర కృష్ణలో. తెల్ల చీర నీళ్లలో తేలిపోకుండా అంచుకి పిన్నీసులు పెట్టుకున్నాను. పైకి లేచి కళ్లు తెరిస్తే మెట్ల మీద మీ నాన్న నిలబడి ఉన్నాడు. పెళ్లికి రానివాడు దీనికి ఎలా వచ్చాడో, ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. దగ్గరికొచ్చి తువ్వాలు నా మీద పడేసి, "జలుబు చేస్తుంది, తల తుడుచుకో. అమ్మతో చెప్పకు, నేనొచ్చానని" అన్నాడు. ఆ మనిషే ఇప్పుడు నీ మీద అరుస్తున్నాడు. అరవనీ. ఎదురు చెప్పకు.

మీ అమ్మ సంగతి వేరు. వదిన అరవదు, అన్నం మానేస్తుంది. ఆవిడతో వాదం పెట్టుకోకు, పూజ గదిలో వేలు పెట్టకు. దసరాకి దుర్గమ్మ దర్శనానికి వెళ్తానంటే బండి మీద కొండ కింద దింపి, చెప్పులు పట్టుకుని నిలబడి, మళ్లీ ఇంటికి తీసుకురా. కింద నిలబడినంత మాత్రాన నీ విశ్వాసం కరిగిపోదు. వెళ్లొద్దని నీకు ఎవరైనా చెబితే, వాళ్ల అమ్మల్ని వాళ్లు ఎలా చూసుకుంటున్నారో ఒకసారి కనుక్కో.

ఇక లెక్కలు. నువ్వు చేరబోయేది ఎలాంటి సంఘమో ముందు తెలుసుకో. గుంటూరులో నేను బాప్టిస్టునంటే ఇప్పటికీ "అంటే లూథరనేనా" అంటారు. వాళ్ల తప్పేం లేదు, 1842లోనే లూథరన్ మిషనరీ హేయర్ దొర ఈ ఊరికి వచ్చాడు, ఏసీ కాలేజీ కూడా లూథరన్లు పెట్టిందే. మన వాళ్లు ఒంగోలు, బాపట్ల, నరసరావుపేట, వినుకొండ వైపు ఎక్కువ. పసిపిల్లలకు మనం బాప్తిస్మం ఇవ్వమని, తన నోటితో తను ఒప్పుకున్నవాళ్లనే నీళ్లలో పూర్తిగా ముంచుతామని నీకు తరగతిలో చెప్పే ఉంటారు. చెప్పనిది ఇంకోటి ఉంది. మనకు పైన బిషప్పు లేడు. పాస్టరుని పిలవడం దగ్గర్నుంచి గోడలకు సున్నం వేయించడం దాకా సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి తేల్చుకోవాల్సిందే. అందులో ఎంత అందం ఉందో అంత గొడవ ఉంది. లెక్క తప్పితే పైనుంచి ఎవరో వచ్చి సర్దరు. ఎదురుగా బెంచీల మీద కూర్చున్నవాళ్లే తేలుస్తారు.

మీ మామయ్య కోశాధికారిగా చేశారని నీకు తెలుసు, ఎందుకు మానేశారో తెలియదు. "చూశావా మీ వాళ్లు" అని మీ నాన్న అంటాడని మన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పాత పెంకుల గుడి తీసేసి స్లాబు వేయాలని డబ్బు పోగేస్తున్న రోజులవి. కోత పండుగ వేలంలో ఒక్క గుమ్మడికాయని రెండు వందలకు పాడేవాళ్లు. పాడినవాడే డబ్బు కట్టి కాయని మళ్లీ బల్ల మీద పెట్టేవాడు, ఇంకొకరు పాడేవాళ్లు. ఆడవాళ్లం ఎసట్లో బియ్యం పోసేటప్పుడల్లా పిడికెడు తీసి డబ్బాలో వేసి, నెలకోసారి తెచ్చి గుడిలో పోసేవాళ్లం. అలా కూడిన డబ్బు. మామయ్య లెక్కల మాస్టారు కాబట్టి ఆయన చేతిలో పెట్టారు, నిన్ను బ్యాంకని పెట్టినట్టే. ఆయనొక్కరే లెక్కపెట్టి, ఆయనొక్కరే రాసి, ఆయనొక్కరే దాచేవారు. అదేమని ఎవరూ అడగలేదు, అంత నమ్మకం.

ఒక శనివారం రాత్రి మా సంఘంలో ఒకాయన వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. కూతురికి పేగు మెలిపడింది, తెల్లారేలోపు ఆపరేషను చేయాలి, ముందు డబ్బు కట్టమంటున్నారు. చిట్టీ పాడుకున్నాను, పదో తారీఖున చేతికొస్తుంది అన్నాడు. మామయ్య లోపలికెళ్లి బీరువా తీసి స్లాబు డబ్బులోంచి ఎనిమిది వేలు ఇచ్చేశారు. అప్పట్లో అది ఆయనకు నాలుగు నెలల జీతం. పుస్తకంలో రాయండి అన్నాను. "రాస్తే ఆయన పరువు పోతుంది. పదో తారీఖుకి వచ్చేస్తుంది కదా" అన్నారు. చిన్న కాగితం మీద రాసుకుని బైబిల్లో పెట్టుకున్నారు.

చిట్టీ నడిపేవాడు ఆ నెలలోనే ఊరొదిలి పారిపోయాడు. సంవత్సరాంతపు సమావేశంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక కుర్రాడు లేచి పాస్‌బుక్ చూపించమన్నాడు. పగతో కాదు, అడగాల్సిందే అడిగాడు. మామయ్య లేచి "తక్కువ ఉంది, నేను కడతాను" అన్నారు. ఎవరికిచ్చారని అడిగితే నోరు విప్పలేదు. తీసుకున్న మనిషి మూడో బెంచీలోనే ఉన్నాడు. నేను ఆడవాళ్ల వైపు కూర్చుని ఆయన చొక్కా కాలరే చూస్తున్నాను, ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు లేస్తాడు అని. లేవలేదు.

నా గొలుసు అమ్మి కట్టాం. డబ్బు నిండింది, సంఘం విరిగింది. దొంగ అన్నవాళ్లు ఒక వైపు, దేవుడిలాంటి మనిషి అన్నవాళ్లు ఒక వైపు. సగం మంది బయటికెళ్లి కల్యాణ మండపం అద్దెకు తీసుకుని ఆరాధన పెట్టుకున్నారు. స్లాబుకు తెచ్చిన చువ్వలు గుడి వెనక తుప్పు పట్టాయి. మామయ్య మళ్లీ ఏ పనీ నెత్తిన వేసుకోలేదు. ఎవరైనా పలకరిస్తే గొంతు సవరించుకుని పక్కకెళ్లిపోయేవారు.

ఆ పిల్ల బతికింది. ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి, ఎక్కడ కనబడినా "పెద్దమ్మా" అని చేయి పట్టుకుంటుంది. అందుకే ఆ రాత్రి డబ్బు ఇవ్వడం తప్పని ఎవరన్నా నేను ఒప్పుకోను. సంఘ పరిచారకులు, అదే డీకన్లు, ముగ్గుర్ని నిద్ర లేపి, పుస్తకంలో రాసి, నలుగురూ సంతకాలు పెట్టి ఇచ్చి ఉంటే సరిపోయేది. సైకిలు మీద పావుగంట పని. ఒకరి పరువు కాపాడతానని ఆయనొక్కరే మోశారు. ఆ జబ్బు నీకూ ఉంది. చెల్లెలు పగలగొట్టిన గాజు జగ్గు నేనే పగలగొట్టానని చెప్పి మీ నాన్న చేత దెబ్బలు తిన్నది నువ్వే కదా. నా భయమంతా అదే. నువ్వు డబ్బు తింటావని కాదు, ఎవరికో జాలిపడి నువ్వు మునుగుతావని.

కాబట్టి మీ అయ్యగారి దగ్గరికి వెళ్లి, ఒక ఏడాది ఆగుతానని చెప్పు. నా మాట మీద కాదు, తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయం చూడమను. పరిచారకుల్ని ముందు పరీక్షించమని పౌలే రాశాడు. ఈ ఏడాదీ కుర్చీలు వేయి, తీయి. ఆదివారపు బడిలో అల్లరి పిల్లల తరగతి తీసుకో. క్యారేజీలు పట్టుకెళ్లు, అసలు నువ్వు వచ్చిందే దాని కోసం.

ఆ తర్వాత కూడా నిన్నే పెట్టాలంటే కొన్ని ఒప్పించుకుని ఒప్పుకో. పెట్టె తెరిచేటప్పుడు చుట్టాలు కాని ఇద్దరు ఉండాలి. గుడిలోంచి కదలకముందే పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. సోమవారం బ్యాంకులో పడిపోవాలి, బీరువాలో కాదు. చెక్కు మీద రెండు సంతకాలు. గోడకు అంటించే ఫోన్‌పే బోర్డు సంఘం ఖాతాకి ఉండాలి, సులువని నీ సొంత ఖాతాది పెట్టావంటే నేనే వచ్చి చింపేస్తాను. ఆపదలో ఉన్నవాళ్ల కోసం విడిగా కొంత సొమ్ము పక్కన పెట్టించు, ఎవరు సరేనంటే అది తీయొచ్చో ముందే సమావేశంలో తేల్చుకోండి. అయ్యగారైనా సరే, నోటిమాట మీద రూపాయి ఇవ్వకు. ఆయన మీద అనుమానంతో అనడం లేదు, రేపు ఆయన మీద మాట రాకుండా. నెలనెలా బల్లారాధన, అదే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, అయ్యాక లెక్క పైకి చదువు. పిల్లలు ఏడుస్తున్నా, జనం గడియారం చూసుకుంటున్నా సరే, చదువు.

బాప్తిస్మం ముందురోజు సాయంత్రం నేను వస్తాను. మీ చర్చిలో తొట్టె ఉందన్నావు కాబట్టి నది గొడవ లేదు, మార్చుకోవడానికి పొడి బట్టలు మాత్రం మర్చిపోకు. మీ నాన్నని నువ్వు పిలవకు, పిలిస్తే మొండికేస్తాడు, ఆ సంగతి నాకు వదిలెయ్. మీ అమ్మకి మాత్రం నువ్వే చెప్పాలి, ఈ ఆదివారంలోపు, తను అన్నం తినేశాక. ఈ ఉత్తరంలో లెక్కల ముక్క మీ అయ్యగారికి చూపించు. ఆయనకు కోపమొస్తే నా నంబరివ్వు, నేను మాట్లాడతాను.

మీ అత్తయ్య,
గుంటూరు