సమాధానం: పారిష్ కౌన్సిల్ మీటింగ్‌లో అందరూ సరేనన్నా ఊయల రిపేరు కాలేదు

పారిష్ కౌన్సిల్ అంటే ఇంగ్లండ్‌లో మన గ్రామ పంచాయతీ లాంటిది. మీ విషయం అజెండాలో లేకపోవడమే కారణమై ఉంటుంది. పార్కులో ఊయల గొలుసు అరిగిందని మీరు చెప్పారు, కౌన్సిలర్లు తలూపారు. కానీ ఇంగ్లండ్‌లో 1972 లోకల్ గవర్నమెంట్ చట్టం ప్రకారం, అజెండాలో లేని ఖర్చుకు వాళ్లు ఆమోదం తెలపకూడదు.

1. క్లర్కుకు (కౌన్సిల్ ఆఫీసు పనులు చూసే ఉద్యోగి) మెయిల్ పెట్టండి. చాలామంది వదిలేసేది ఇదే. తెలిసిన కౌన్సిలర్‌కి చెప్పి ఊరుకుంటారు. పాపం, కౌన్సిలర్లు జీతం లేకుండా సాయంత్రాలు వచ్చి పనిచేసేవాళ్లు. ఛైర్మన్‌కి కూడా ఒక్కరే నిర్ణయించే అధికారం లేదు. అజెండా పంపేది క్లర్కే.

2. "ఊయల గొలుసు మార్చడానికి ఖర్చు ఆమోదించడం" అని స్పష్టంగా రాయండి. ఉత్త "పార్కు గురించి" అంటే మాటలతోనే ఆగిపోతుంది. గొలుసు ఫొటో జత చేయండి.

3. అజెండాకీ మీటింగ్‌కీ మధ్య మూడు పూర్తి రోజులుండాలి, అజెండా పంపిన రోజూ మీటింగ్ రోజూ లెక్కలోకి రావు. గురువారం మీటింగైతే, మధ్యలో వారాంతం వస్తుంది కాబట్టి ముందు శుక్రవారానికే అజెండా వచ్చేస్తుంది. అందుకే పది రోజుల ముందే పంపండి.

4. తర్వాత మినిట్స్‌లో, అంటే మీటింగ్ రికార్డులో, తీర్మానం ఉందో లేదో చూడండి.

పిల్లలు ఇంకా ఊగుతుంటే మాత్రం మీటింగ్ దాకా ఆగొద్దు. ఎవరూ ఊగకుండా ఊయలను కట్టేయమని ఇవాళే క్లర్కుకు ఫోన్ చేయండి.