సున్నపురాతి గుట్ట నేలలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: బేతంచెర్ల దగ్గర గుట్ట వాలులో మాకు మూడెకరాలుంది. మట్టి ఇటుక రంగు. కొన్నిచోట్ల జానెడు తవ్వితే చాలు, రాయి తగులుతుంది. అందరూ సున్నపు నేల అంటారు. మరి తెల్లగా ఉండాలి కదా?
– ఒక పాఠకుడు, నంద్యాల జిల్లా

జవాబు: సున్నపురాయి మీద ఏర్పడిన మట్టి ఎర్రగా ఉండటంలో వింతేమీ లేదు. వాన నీరు గాలిలోని, వేర్ల చుట్టూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కాస్త పులుపెక్కుతుంది. ఆ నీటికి సున్నపురాయి కరిగి, పగుళ్ల గుండా కిందికి పోతుంది. మీ జిల్లాలోని బెలూం గుహలు అలా కరిగి తొలిచినవే. కరగకుండా మిగిలేది రాయిలో కొద్దిగా ఉన్న బంకమట్టి, ఇనుము. ఆ ఇనుము తుప్పే మీ మట్టి రంగు. రాయిలో నూటికి 95 పాళ్లు సున్నం ఉంటే, మీటరు మందం రాయి పూర్తిగా కరిగినా మిగిలే మట్టి పది సెంటీమీటర్ల లోపే. గుట్ట మీద నేల పలచగా ఉండటానికి కారణం అదే. అందులోనూ వాలు మీద మిగిలిన మట్టిని వాన కిందికి తోసేస్తుంది. కోవెలకుంట్ల వైపు పల్లంలో నల్లరేగడి లోతుగా ఉంటే గుట్ట మీద జానెడే ఉండటం అందుకే.

గ్రానైట్ గుట్టల్లో మట్టి కింద మొరం, దాని కింద మెత్తబడ్డ రాయి వరసగా వస్తాయి. ఇక్కడ ఆ మెట్లు ఉండవు. మట్టి అయిపోయిన చోటే గట్టి రాయి మొదలవుతుంది. అయితే పగుళ్లలో ఎర్రమట్టి మీటరు, రెండు మీటర్ల లోతుకూ దిగి ఉంటుంది. చెట్లు బతికేది ఆ పగుళ్ల మీదే.

రంగు చూసి తేల్చకండి, పులుపు పోసి చూడండి. ల్యాబుల్లో పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడతారు. ఇంట్లో నిమ్మరసం చాలు, కాకపోతే రాయిని గీకి పొడి చేసి దాని మీద పోయాలి. మట్టిని పైన, జానెడు లోతున, రాయికి ఆనుకుని మూడుచోట్ల విడివిడిగా చూడండి. ఆమ్లం పోస్తే చెవి దగ్గర పెట్టుకుంటేనే వినిపించే చిటపట అయితే సున్నం నూటికి ఒకటి రెండు పాళ్లు. నురగ పొంగితే పదికి పైనే. పై మట్టి ఏమాత్రం పొంగక, రాయి దగ్గర మాత్రమే పొంగితే సంతోషించండి: పై మట్టిలో సున్నం కడుక్కుపోయింది, చాలా పంటలకు అది ఇబ్బంది పెట్టదు.

ఒక హెచ్చరిక. మీ ప్రాంతపు ఎర్రమల కొండల్లో కొన్ని గుట్టల నెత్తిన క్వార్ట్‌జైట్ అనే, సున్నం లేని గట్టి రాయి ఉంటుంది. దాని ముక్కలు కిందికి దొర్లి సున్నపు నేల మీద పరుచుకుంటాయి. అవి పొంగవు. పైన దొరికిన రాయిని మాత్రమే పరీక్షించి ‘మాది సున్నపు నేల కాదు’ అనుకోవద్దు.

ప్రశ్న: రాళ్లన్నీ ఏరి పారేయిస్తే నేల బాగుపడుతుందా? కూలి ఖర్చు చాలా అవుతోంది.
– పల్నాడు జిల్లా నుంచి

జవాబు: అన్నీ ఏరించొద్దు. నాగలికి, గొర్రుకు అడ్డం పడే పెద్ద రాళ్లు తీయించండి, చాలు. పిడికిలిలో ఇమిడే రాళ్లు నేల మీద ఉంటేనే మేలు. వాన చినుకు దెబ్బ మట్టికి తగలనివ్వవు, తేమ త్వరగా ఆరనివ్వవు. వాటినీ ఏరేసిన వాలు పొలాల్లో మొదటి పెద్ద వానకే పైమట్టి గట్టు దాటుతుంది.

తీసిన రాళ్లతో వాలుకు అడ్డంగా, సమమట్టం వెంట కట్టలు వేయండి. మట్టం చూడటానికి నీళ్లు నింపిన పారదర్శక గొట్టం సరిపోతుంది. నూటికి ఐదు వాలు ఉన్నచోట కట్టకూ కట్టకూ మధ్య 20 మీటర్లు పెడితే, ఒక్కో కట్టకు మీటరు దిగుడు వస్తుంది. ముందు జానెడు లోతు కాలువ తవ్వి పెద్ద రాళ్లు అందులో కూర్చాలి. చిన్న రాళ్లు ఎగువ వైపు పేర్చాలి, మట్టిని ఆపేవి అవే. నేల మీదే పేర్చిన కట్టకు అడుగున నీరు దారి చేసుకుంటుంది.

ఇక రాళ్లు లోపల ఎంత చోటు తింటున్నాయో లెక్క కట్టండి. అడుగు లోతు గుంత తవ్వి, పాలిథిన్ కాగితం పరిచి, ఎన్ని లీటర్ల నీళ్లు పడతాయో కొలవండి. తీసిన మట్టిని జల్లించి, రాళ్లను నిండు బకెట్ నీళ్లలో వేసి, పొర్లిన నీళ్లు కొలవండి. గుంత 20 లీటర్లు, పొర్లినవి 8 లీటర్లయితే రాళ్లు నూటికి 40. అడుగు లోతు మంచి మట్టి సుమారు 45 మిల్లీమీటర్ల తేమను పైరుకు ఇవ్వగలిగితే, ఈ నేల ఇచ్చేది 27. రోజుకు ఐదు మిల్లీమీటర్లు తాగే పైరుకు అది ఐదు రోజులు. పైరు వాడకముందే, అంటే సగం తేమ ఉండగానే నీరు ఇవ్వాలి కనుక మూడో రోజే తడి పెట్టాలి. వారానికొక పెద్ద తడి పెడితే నేల పట్టలేని నీరు పగుళ్లలోకి పోతుంది.

ప్రశ్న: నిమ్మ తోటలో లేత ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. నేల పరీక్షలో పీహెచ్ 8.2, సున్నం పది శాతం. జిప్సం వేస్తే సున్నం తగ్గుతుందని దుకాణంలో చెప్పారు.
– వైఎస్సార్ కడప జిల్లా నుంచి

జవాబు: తగ్గదు. జిప్సం సోడియం ఎక్కువైన చౌడుకు మందు. అక్కడ పీహెచ్ సాధారణంగా 8.5 దాటుతుంది. మీది చౌడు కాదు. గంధకం వేస్తే సున్నం కరుగుతుంది, నిజమే, కానీ లెక్క చూడండి: ఎకరాకు ఆరంగుళాల లోతు మట్టి తొమ్మిది లక్షల కిలోలు, అందులో సున్నం 90 వేల కిలోలు. ఒక కిలో గంధకం సుమారు 3.1 కిలోల సున్నాన్ని మించి కరిగించలేదు. అంటే ఎకరాకు 29 టన్నుల గంధకం! నేలను మార్చే ఆలోచన మానుకుని చెట్టుకు ఇనుము అందించండి.

లీటరు నీటికి ముందు ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం), తర్వాత ఐదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కలపాలి. వరస తిప్పితే, బోరు నీటిలోని సున్నానికి ఇనుము తుప్పుగా అడుగున పడుతుంది. ద్రావణం గోధుమ రంగుకు తిరిగితే పారబోయాల్సిందే. సాయంత్రం లేత ఆకులు తడిసేలా, వారం పది రోజుల ఎడంతో రెండు మూడుసార్లు కొట్టండి. తోటంతా కొట్టే ముందు ఒక్క కొమ్మ మీద చూడండి. పది రోజుల్లో ఆకులు పచ్చబడకపోతే లోపం ఇనుము కాదు. ఆకులు చిన్నవై, ఈనెల మధ్య మచ్చలుగా పసుపు ఉంటే జింకును అనుమానించాలి. చెలేటు (ఇనుమును తుప్పుగా మారకుండా పట్టి ఉంచే మందు) కొంటే ఈడీటీఏ రకం వద్దు, ఈ పీహెచ్‌లో అది నేలలో నిలవదు. నేలలో వేయడానికి ఈడీడీహెచ్ఏ రకమే పనికొస్తుంది, ఖరీదు ఎక్కువైనా.

తడి ఎక్కువైనా పసుపు పెరుగుతుంది. నిండా తడిసిన మట్టిలో బైకార్బనేట్ అనే లవణం పెరిగి వేరు ఇనుమును తీసుకోలేదు. యూరియాను పైన చల్లి వదిలేస్తే అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, మట్టి కప్పండి. భాస్వరాన్ని పశువుల ఎరువుతో కలిపి పాదుల్లో వేయండి, రాక్ ఫాస్ఫేట్ ఇక్కడ దండగ. ఎరువుల మోతాదులోనూ రాళ్ల వాటా తీసేయండి: ల్యాబు వాళ్లు రెండు మిల్లీమీటర్ల జల్లెడలో దిగిన మట్టికే లెక్క చెబుతారు.

ప్రశ్న: నాపరాయి పొరల్లో మీటరు గుంతలు తవ్వి మామిడి పెట్టాం. ఒక వరస మొక్కలు వానాకాలంలోనే చచ్చాయి. ఎందుకు?
– బనగానపల్లె నుంచి

జవాబు: పగులు లేని బండలో తవ్విన గుంత కుండలా నీళ్లు పట్టి ఉంచుతుంది. నాటే ముందు గుంతలో అడుగెత్తు నీళ్లు పోసి చూడాల్సింది. మర్నాటికి ఇంకకపోతే ఆ గుంత వదిలేసి, పక్కన పగులు మీద తవ్వాలి. వేసవిలో కూడా పొదలు గీత గీసినట్టు వరసగా పచ్చగా ఉన్నచోట పగులు ఉంటుంది. అక్కడ గడ్డపలుగుతో పలకలు లేపడమూ తేలికే. గుంతను పైమట్టి, 30 కిలోల పశువుల ఎరువుతో నింపండి. గనుల దగ్గర ఉచితంగా దొరికే రాతి పొడి మాత్రం వేయొద్దు: రాతి ముక్కలకన్నా మెత్తటి సున్నపు పొడే ఇనుమును ఎక్కువగా కట్టేస్తుంది.

పగులు దొరకని భాగంలో మామిడి కోసం పట్టుబట్టకండి. సీతాఫలం, రేగు, ఉసిరి రెండడుగుల గుంతల్లో బతుకుతాయి. సీతాఫలాన్ని 5×5 మీటర్ల ఎడంతో పెడితే ఎకరాకు 160 మొక్కలు పడతాయి.