గేమ్ డిజైనర్ కావాలంటే బొమ్మలు వేయడం రావాలా?

ప్రశ్న: ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. వీడియో గేమ్ డిజైనర్ కావాలని కోరిక. నాకు బొమ్మలు వేయడం అంతగా రాదు. ముందు బీటెక్ కంప్యూటర్ సైన్స్‌లో చేరమని నాన్నగారు అంటున్నారు. ఏ దారి మంచిది?
– ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: గేమ్ తయారీలో బొమ్మలు గీసే పని, ప్రోగ్రాం రాసే పని, డిజైన్ పని వేర్వేరు. ఆడేవారు ఏం చేయవచ్చు, ఓడితే ఏం పోగొట్టుకుంటారు, కష్టం ఎంతవరకు పెంచాలి అన్నవి నిర్ణయించి, పదిమంది చేత ఆడించి సరిదిద్దేవారే డిజైనర్. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ అనే వీడియో గేమ్ మొదటి లెవెల్‌లో సూచన ఒక్కటీ ఉండదు. ఎదురుగా నడిచివచ్చే శత్రువే ఆడేవారికి గెంతడం నేర్పుతుంది. దాన్ని రూపొందించిన షిగెరు మియమోతో చదివింది ఇండస్ట్రియల్ డిజైన్ (వస్తువుల రూపకల్పన).

ఈ పని మీకు నచ్చుతుందో లేదో కంప్యూటర్ లేకుండానే తెలుసుకోవచ్చు. 3 పులులు, 15 మేకలతో ఆడే పులి-మేక ఆట తీసుకుని, మేకలను 12కు తగ్గించి స్నేహితులతో పదిసార్లు ఆడండి. ఎవరు ఎక్కువసార్లు గెలుస్తున్నారో, ఎక్కడ విసుగు పుడుతోందో రాసుకుని, ఆట మళ్లీ రసవత్తరం కావడానికి ఏ నియమం మార్చాలో ఆలోచించండి. డిజైనర్ రోజూ చేసే పని స్వభావం ఇదే. గంటల తరబడి ఆడటం ఇష్టమైనవారందరికీ ఇది నచ్చదు.

నాన్నగారి సలహాను నేను తోసిపుచ్చను. ప్రోగ్రామింగ్ వస్తే మీ ఊహను మీరే ఆటగా మార్చి చూసుకోగలరు. ఉచితంగా దొరికే గోడో ఇంజిన్ (Godot) అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌తో ఈ వేసవిలోనే మొదలుపెట్టవచ్చు. అయితే బీటెక్ పాఠాల్లో డిజైన్ దానంతట అది రాదు, దాన్ని విడిగా సాధన చేయవలసిందే. బీటెక్ తర్వాత ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) బెంగళూరు ప్రాంగణంలో డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎండిజైన్ అనే పీజీ కోర్సు చేయవచ్చు. నేరుగా డిజైన్‌లోకే వెళ్లాలనుకుంటే, ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీ హైదరాబాద్ వంటి చోట్ల బీడిజైన్ అనే డిగ్రీ కోర్సులో చేరవచ్చు. ఆ పరీక్షలో బొమ్మ గీసే ప్రశ్న ఉంటుంది కనుక రోజూ కొంతసేపు స్కెచ్ సాధన అవసరం.

ఏ దారిలో వెళ్లినా, ఉద్యోగమిచ్చేవారికి మీరు పూర్తిచేసిన ఆటలు చూపించగలగాలి. ఒక్క నిమిషం ఆటైనా సరే, పూర్తిచేసి ఇంట్లోవారికి ఇవ్వండి. వారు ఆడుతున్నప్పుడు ఏమీ వివరించకుండా, ఎక్కడ ఆగిపోయారో మాత్రం రాసుకోండి.