‘ప్రచురించాలి’ అని రాస్తే సరిపోదు

ప్రశ్న: మా అమ్మాయి బెంగళూరులో బి.కామ్. చివరి సంవత్సరం చదువుతోంది. సి.ఎ. చేయమంటే వద్దంటోంది. నగర పాలికె లెక్కలు, టెండర్లు జనానికి తెలిసేలా నిబంధనలు తయారుచేసే పనిలోకి వెళ్తుందట. అలాంటి ఉద్యోగం అసలు ఉందా? లా చదివించాలా? – ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: ఆ పేరుతో ఉద్యోగం లేదమ్మా. పని మాత్రం ఉంది. నగరాభివృద్ధి శాఖ, న్యాయశాఖ, సలహా సంస్థలు, పౌరసంస్థలు తలా ఒక ముక్క చేస్తుంటాయి.

ఆ పని ఎలాంటిదో ముందు చెబుతాను. సమాచార హక్కు చట్టం, 2005లో నాలుగో సెక్షన్ ఉంది. బడ్జెట్, ఉద్యోగుల జీతాలు, రాయితీలు పొందినవారి వివరాలు వంటి 17 అంశాలను ఎవరూ అడగకముందే కార్యాలయాలు బయటపెట్టాలని అది చెబుతుంది. అదే చట్టం కింద ఎవరైనా దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. సరైన కారణం లేకుండా ఇవ్వని అధికారికి రోజుకు రూ.250 చొప్పున రూ.25,000 దాకా జరిమానా పడుతుంది. ఆ జరిమానా దరఖాస్తుల విషయంలోనే. 17 అంశాలు ప్రచురించని అధికారికి అది వర్తించదు. కార్యాలయాల వెబ్‌సైట్లలో ఎప్పుడో బదిలీ అయిన అధికారి పేరు ఇంకా కనిపిస్తోందంటే కారణం వెతకనక్కర్లేదు.

కాబట్టి ‘ప్రచురించాలి’ అన్న ఒక్క మాటతో నిబంధన పూర్తి కాదు. ఎవరు, ఏ తేదీలోగా, ఏ రూపంలో, చేయకపోతే ఏమిటి అన్నవన్నీ రాయాలి. రూపం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. మూడు వందల పేజీల బిల్లులను ఫొటోలు తీసి పెట్టినా ప్రచురించినట్టే లెక్క. మొత్తం కూడి చూడడం మాత్రం ఎవరివల్లా కాదు. ఈ తేడా లా విద్యార్థికి వివరించి చెప్పాలి. బి.కామ్. అమ్మాయికి చెప్పక్కర్లేదు.

ఈ ఊరి అనుభవమూ అదే. 2002లో ‘ప్రూఫ్’ పేరుతో పౌరసంస్థలు ఉద్యమం నడిపినప్పుడు, పాలికె మూడు నెలలకోసారి ఆర్థిక నివేదిక బయటపెట్టాలన్నదే ప్రధానంగా అడిగాయి. అందుకే సి.ఎ.ను అప్పుడే కొట్టిపారేయవద్దని మీ అమ్మాయికి నా మాటగా చెప్పండి. మున్సిపల్ ఖాతాలు చదవగలిగినవాళ్లు ఈ రంగంలో తక్కువ.

లా తప్పనిసరి కాదు. చదవాలనుకుంటే ఇక్కడి నేషనల్ లా స్కూల్‌లో మూడేళ్ల ఎల్‌ఎల్‌.బి., రెండేళ్ల పబ్లిక్ పాలసీ ఎం.ఎ. తరహా కోర్సు ఉన్నాయి. ప్రవేశ పరీక్ష ఎన్‌ఎల్‌శాట్. జీతం సంగతి దాచను. పౌరసంస్థల్లో తొలి ఏళ్లలో సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోల్చుకుంటే నిరాశే. చాలా పోస్టులు ఒక ప్రాజెక్టు ఉన్నంతకాలమే ఉంటాయి. అయితే 2024 నాటి గ్రేటర్ బెంగళూరు పాలన చట్టం ప్రకారం 2025లో నగరం అయిదు పాలికెలుగా విడిపోయింది. కొత్త సంస్థలకు కొత్త నిబంధనలు కావాలి కదా.

కన్నడం మాత్రం రావాలి. ఒకసారి మా వీధి కాలువ పూడికతీత బిల్లులు అడిగితే, ఆఫీసుకు వచ్చి ఫైలు చూసుకోమన్నారు. వెళ్లాను. మొత్తం కన్నడంలోనే ఉంది. పాతికేళ్లుగా ఇక్కడే ఉంటూ బస్సు బోర్డులు దాటి చదవడం నేర్చుకోనందుకు ఆ రోజు సిగ్గుపడ్డాను. మన లిపికి దగ్గరి లిపి, నెల రోజులు కూర్చుంటే వస్తుంది.

ఫీజులు కట్టే ముందు పది రూపాయల పరీక్ష ఒకటి పెట్టండి. మీ వీధి రోడ్డుకు సంబంధించిన వర్క్ ఆర్డరు, ఎం.బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం), చెల్లించిన బిల్లు ఇవ్వమని మీ అమ్మాయినే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు రాయమనండి. కర్ణాటక నిబంధనల ప్రకారం ఒక దరఖాస్తులో ఒకే విషయం ఉండాలి, మామూలుగా 150 పదాలు మించకూడదు. చట్టంలో లేని ఈ హద్దు రాష్ట్ర నిబంధనల్లోకి ఎలా వచ్చిందో కూడా ఆలోచించమనండి. ఆమె చేయాలనుకునే పని అదే.

జవాబు వస్తే ఆ కాగితాలతో ఇద్దరూ ఒకసారి రండి. 30 రోజులు దాటినా రాకపోతే కూడా రండి, మొదటి అప్పీలు ఎలా రాయాలో చూపిస్తాను.