చెప్పు జారినా తెలియడం లేదు... షుగర్ వల్లేనా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. నర్సంపేట దగ్గర మిరప సాగు చేస్తాను. ఎనిమిదేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నాను. పరగడుపున పరీక్ష చేయిస్తే 125, 130 వస్తోంది. అయినా ఏడాదిగా అరికాళ్లు మొద్దుబారాయి. నడుస్తుంటే చెప్పు జారినా తెలియడం లేదు. మొన్న తోటలో తుమ్మముల్లు దిగితే, ఇంటికొచ్చాక గచ్చు మీద రక్తం చూసి తెలుసుకున్నాను. ఇది షుగర్ వల్లేనా?
- ఒక పాఠకుడు, వరంగల్ జిల్లా

సమాధానం: ముల్లు దిగినా నొప్పి పుట్టలేదన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మీరు చెప్పిన లక్షణాలన్నీ షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయనే చెబుతున్నాయి. ఒంట్లో అన్నిటికంటే పొడవైన నరాలు నడుము నుంచి పాదాలకు వెళ్లేవే. అందుకే దెబ్బ ముందు కాలివేళ్ల దగ్గర బయటపడుతుంది.

పరగడుపు లెక్క బాగానే ఉంది కదా అని మీకు అనిపించవచ్చు. మధ్యాహ్నం కంచం నిండా అన్నం తిన్న రెండు గంటలకు షుగర్ ఎంత ఉంటుందో ఎప్పుడైనా చూపించుకున్నారా? గత రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. అది 7 శాతం లోపు ఉండాలన్నది చాలామందికి పెట్టుకునే లక్ష్యం. మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి బీ12 విటమిన్ తగ్గి కూడా కాళ్లు మొద్దుబారతాయి. ఆ పరీక్షా చేయించండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

ఇక పాదాలు. నొప్పి తెలియని కాలికి కళ్లే కాపలా. రోజూ సాయంత్రం కాళ్లు కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, అరికాళ్లను వెలుతురులో చూసుకోండి. వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టుకోండి, లేదా ఇంట్లో వాళ్లను చూడమనండి. తోటలోకే కాదు, వాకిట్లోకి కూడా వట్టి కాళ్లతో వెళ్లవద్దు. రబ్బరు చెప్పులు మాని, వెనక పట్టీ ఉన్న, ముందు వెడల్పైన మెత్తటి పాదరక్షలు వాడండి. వేసుకునే ముందు లోపల చేయి పెట్టి రాయో ముల్లో ఉందేమో చూడండి. తిమ్మిర్లు తగ్గుతాయని వేడినీళ్లలో కాళ్లు పెట్టడం మన దగ్గర ఎక్కువ. దయచేసి ఆ పని చేయకండి. కాలిన సంగతి బొబ్బలు లేచేదాకా తెలియదు. ఆనెలను బ్లేడుతో కోయడమూ వద్దు.

నరాలకు రక్తమిచ్చే సన్నటి నాళాల లాంటివే కంటి లోపలా, మూత్రపిండాల్లోనూ ఉంటాయి. షుగర్ వాటినీ దెబ్బతీస్తుంది. కాబట్టి ఏటా కంటి వెనక పొర అయిన రెటీనా పరీక్ష, మూత్రపిండాల తీరు తెలిపే రెండు పరీక్షలు - మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ - తప్పనిసరి. బీపీ చూపించుకోండి. పొగతాగే అలవాటుంటే ఈ రోజే మానేయండి.

ప్రపంచంలో 58.9 కోట్ల మంది పెద్దలకు మధుమేహం ఉందని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2025లో వెల్లడించిన అంచనా. వారిలో ప్రతి పది మందికి నలుగురికి పైగా తమకు ఆ జబ్బుందనే తెలియదు. మన దేశంలో బాధితులు 10 కోట్లు దాటారని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో చెప్పింది. షుగర్ ఉన్నట్టు తేలేసరికే నరాలు దెబ్బతిన్నవారిని చూస్తుంటాం. మీ తోబుట్టువులకు, ఎదిగిన పిల్లలకు కూడా పరీక్ష చేయించండి.

ముల్లు దిగిన చోట వాపు, ఎరుపు, చీము, నల్లబడటం, జ్వరం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఏమీ లేకపోయినా ఈ వారంలోనే డాక్టరుకు కాళ్లు చూపించండి, ధనుర్వాతం టీకా గురించి అడగండి. వెళ్లేటప్పుడు రిపోర్టులతో పాటు మీరు రోజూ వేసుకునే చెప్పులూ తీసుకెళ్లండి. అవి అరిగిన తీరు చూస్తే ఏ చోట బరువు ఎక్కువ పడుతోందో, పుండు ఎక్కడ పడే ప్రమాదముందో డాక్టరు చెప్పగలరు.