నర్సింగ్ విద్యార్థి తన ‘లెర్నింగ్ స్టైల్’ ప్రకారమే చదవాలా?

గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ మొదటి ఏడాది చదువుతున్న చెల్లెలికి వార్డులో చూసింది వెంటనే పట్టుబడుతుందని, పుస్తకం మాత్రం తలకెక్కడం లేదని, ఆమెను ‘చేసి నేర్చుకునే రకం’ అనుకోవచ్చా అని అడిగారు.

ఇష్టం నిజమే. చూసి, విని, చదివి రాసి, చేసి నేర్చుకోవడం అనే నాలుగు దారులను (వీటినే లెర్నింగ్ స్టైల్స్ అంటారు) న్యూజిలాండ్ విద్యావేత్త నీల్ ఫ్లెమింగ్ ‘వార్క్’ ప్రశ్నావళిగా కూర్చారు. నర్సింగ్ విద్యార్థుల్లో చేసి నేర్చుకోవడం ఇష్టపడేవాళ్లు చాలామందే కనిపిస్తారు. అయితే ఎవరి స్టైల్‌లో వాళ్లకు చెబితే ఎక్కువ వస్తుందనడానికి సరైన రుజువు లేదని 2008లో మనస్తత్వ శాస్త్రవేత్త హెరాల్డ్ పాష్లర్ బృందం తేల్చింది. అందుకే ఆ ముద్ర వేయకండి.

ఎలా నేర్చుకోవాలో పాఠమే చెబుతుంది. బీపీ చూడటమే తీసుకోండి: నాడి వేలికి తెలియాలి, స్టెతస్కోపులో శబ్దం మొదలైన చోటు, ఆగిన చోటు చెవికి అందాలి, కన్ను డయల్ మీద ఉండాలి, చివరికి అంకెలు చార్టులో రాయాలి. నాలుగూ కావాలి. మందు డోసు లెక్క మాత్రం కాగితం మీద చేస్తేనే వస్తుంది.

పుస్తకం ఎక్కకపోవడానికి అసలు కారణం ఇంగ్లిష్ కావచ్చు, ముఖ్యంగా ఇంటర్ దాకా తెలుగు మీడియం అయితే. విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ థియరీ పరీక్ష రాసేది ఇంగ్లిష్‌లోనే కదా, ఆ టెన్షన్ చిన్నది కాదు. వార్డులో చూసిన కేసును ఆ రాత్రే స్నేహితురాలికి తెలుగులో చెప్పమనండి. తర్వాత పుస్తకం మూసి, అదే ఇంగ్లిష్‌లో రాయమనండి. రెండు మూడు రోజులాగి మళ్లీ చూడకుండా రాయాలి. మళ్లీ మళ్లీ చదవడం కన్నా ఇలా గుర్తుతెచ్చుకుని రాస్తేనే ఎక్కువ కాలం నిలుస్తుంది.